చుట్టాలొచ్చిన బుధవారం

ఫిబ్రవరి 27, శుక్రవారం

పోస్టరు వచ్చింది. పైన ఇంత లావు అక్షరాలతో "మతిస్థిమితం లేని మహిళ అదృశ్యం" అని వేశారు. ఆ ముక్క వెయ్యొద్దని అన్నయ్యకి చెప్పాను, స్టేషన్లో చెప్పాను, ప్రింటింగ్ ప్రెస్సు వాడికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ముగ్గురూ సరే అన్నారు. ముగ్గురూ ముగ్గురే.

కింద అక్క ఫోటో. వయసు నలభై నాలుగు, చామనఛాయ, ఆకుపచ్చ స్వెట్టరు, ఎడమ చేతి మీద కాలిన మచ్చ. ఆ మచ్చ ఎలా వచ్చిందని అడిగిన నాథుడు లేడు. నేను ఇప్పుడు పనిచేసే లాండ్రీలోనే అక్క ఆరేళ్ళు కాలర్లు ఇస్త్రీ చేసింది. ఒక్క కాలరు కాల్చలేదు, తన చెయ్యి తప్ప. గంటకి పద్దెనిమిది చొక్కాలు. మతి స్థిమితంగా ఉన్నవాళ్ళని రమ్మనండి, చేసి చూపించమనండి.

జబ్బు లేదని నేను అనలేదు. ఇరవై ఏళ్ళుగా ఉంది. పొద్దున ఒక మాత్ర, రాత్రికి రెండు, నెలకోసారి డాక్టరు. చెవుల్లో మాటలు వినిపిస్తాయి. అదే వెయ్యండి, ఒప్పుకుంటాను. షుగరున్న మనిషి కనపడకపోతే "రక్తం సరిగా లేని మనిషి" అని వేస్తారా?

ఇది సబ్బుపొడి కంపెనీవాళ్ళు లాండ్రీకి ఊరికే ఇచ్చిన డైరీ. ఇంట్లో ఉన్నవి రెండు గదులూ నేనూ. గోడలతో మాట్లాడితే నాకూ పోస్టరు వేస్తారు. అందుకని ఇందులో రాసుకుంటున్నాను.

రేపు నల్ల మార్కరు కొనాలి.

ఫిబ్రవరి 28, శనివారం

వంద పోస్టర్లు. మార్కర్లు రెండు అయిపోయాయి. కొట్టేయగా మిగిలింది "మహిళ అదృశ్యం". జరిగింది అంతే కదా.

మార్చి 2, సోమవారం

స్టేషన్‌కి మళ్ళీ పిలిచారు. అక్కడ అన్నీ రాసేది రైటరు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆయనలో మెచ్చుకోదగింది అదొక్కటే.

"చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?"

"బుధవారం పొద్దున ఎనిమిదింటికి. నేను పనికి బయల్దేరేటప్పుడు. కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతోంది. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకేం తెలీదు."

"కంప్లైంటు శుక్రవారం ఇచ్చారు. మధ్యలో రెండ్రోజులు ఏం చేశారు?"

"వెతుక్కున్నాను."

"ఎక్కడెక్కడ?"

"మీరు వెతకాల్సిన చోట్లన్నీ."

తలెత్తి నా వైపు చూసి, "వెతికారు" అని రాసుకున్నాడు. వీళ్ళు మాత్రం కాలువ వెంట వెతుకుతున్నారట. ఇలాంటివాళ్ళు నీళ్ళవైపే వెళ్తారట. అలాగని ఎక్కడ రాసుందని అడిగాను. "అనుభవమమ్మా" అన్నాడు. మా అక్కకి తడి అంటేనే చిరాకు. ఆరేళ్ళు లాండ్రీలో తడి నేల మీద నిలబడి పాదాలు పాసిపోయిన మనిషి. ఎండలో అయితే ఎంత దూరమైనా నడుస్తుంది, గుంట కనిపిస్తే మాత్రం చుట్టూ తిరిగి వెళ్తుంది. తెలియకపోతే అడగొచ్చు, నోరు అరిగిపోతుందా?

ఈ రైటరు యూనిఫారం మా దగ్గరికే వస్తుంది. ఇవాళ్టి చొక్కాకి జేబు కింద సిరా మరక. "ఈ మరక మా వల్ల కాదు" అని చీటీ రాసి పిన్ను గుచ్చి పంపాను. అబద్ధం. రెండు నిమిషాల పని.

మార్చి 4, బుధవారం

రెండు వారాలు.

ఇస్త్రీ బాబాయ్ మధ్యాహ్నం ఉన్నట్టుండి, "ఇవాళ చుట్టాలు ఎంతమందో పాపం, మీ అక్కకి" అన్నాడు. అక్క పక్కనే ఆరేళ్ళు నిలబడి ప్యాంట్లు ఇస్త్రీ చేసినవాడు, ఆయనకి తెలుసు ఆ మాట.

అక్క ఎప్పుడూ గొంతులు అనదు. చుట్టాలు అంటుంది. "ఒసే మిరపకాయా, చుట్టాలొచ్చారే" అంటుంది. మిరపకాయ అంటే నేను. అంతే, నేను చేతిలో ఉన్న పని ఎక్కడిదక్కడ పడేసి అడగాలి.

"ఏ చుట్టాలు?"

ఇది మొదటిది. ఎంతమంది అన్నది రెండోది. ఉంటారా, వెళ్తారా అన్నది మూడోది. అక్క కళ్ళు మూసుకుని లెక్క చూసుకుని చెప్తుంది. "ఇద్దరేనే. దగ్గుతూ మాట్లాడే ఆవిడ, లెక్కల మాస్టారు. మాస్టారు వెళ్ళిపోతాడట. ఆవిడ మాత్రం రాత్రికి ఉంటుందట." "ఆవిడకి పక్కలు వేసే ఓపిక నాకు లేదు, పొమ్మను" అంటాను నేను. అక్క నవ్వుతుంది. నవ్విందంటే వచ్చినవాళ్ళు సగం లేచి వెళ్ళిపోయినట్టే. మిగిలిన సగం మాత్రలు చూసుకుంటాయి.

డాక్టరుకి చెప్తే, "భలే ఉపాయం, మీరు కనిపెట్టారా?" అన్నాడు. నేను కాదు, అక్కే. ఎవరో ఏమిటో అని గట్టిగా అడిగేవాళ్ళుంటే వాళ్ళకి సిగ్గేస్తుందట. అడగకపోతే ఇల్లు వాళ్ళదే అనుకుంటారట.

ఇరవై ఏళ్ళలో అడగడం నేను మర్చిపోయింది లేదు.

మార్చి 6, శుక్రవారం

తలుపు వెనక మేకుకి నా కోటు ఉంది. దాని కింద ఆకుపచ్చ స్వెట్టరు ఉంది.

మార్చి 7, శనివారం

ఏ చొక్కా ఎవరిదో బొత్తాం చూసి చెప్పగలను. మూడేళ్ళ కిందట వచ్చిన కోటుకి లోపలి కుట్టు ఏ రంగో చెప్పగలను. అక్క ఆ రోజు ఏం వేసుకుందో చెప్పలేను.

టీ తాగుతోంది అని చెప్పాను. రోజూ తాగుతుంది, కాబట్టి తాగే ఉంటుంది. కిటికీ దగ్గరే కూర్చుంటుంది, కాబట్టి కూర్చునే ఉంటుంది. ఆ పొద్దున నేను అటు చూడలేదు. ముందు రాత్రంతా అక్క నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. చెప్పులేసుకుని తలుపు లాక్కుని వెళ్ళిపోయాను. వెళ్తున్నా అని కూడా అనలేదు.

పోస్టర్లు అంటించినచోటికల్లా వెళ్ళి స్వెట్టరు కూడా కొట్టేశాను. కూరగాయల కొట్టావిడ, "అమ్మాయ్, అన్నీ కొట్టేస్తూ పోతే ఇంక మీ అక్కని ఎలా గుర్తుపడతారు?" అంది. మొహం చూసి గుర్తుపట్టమన్నాను. మనిషికి మొహం ఉంటుంది కదా అన్నాను. ఆవిడ నొచ్చుకుంది. నొచ్చుకోనీ.

మార్చి 9, సోమవారం

అన్నయ్య వచ్చాడు. అక్క తర్వాతివాడు, నాకు పెద్ద. మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటాడు, వదినా వాడూ. లోపలికి వస్తుంటే, "చుట్టాలొచ్చారు, కుర్చీ తుడవాలి" అన్నాను. అలవాటు. కొత్త సంవత్సరం నుంచీ వాళ్ళని అలాగే అంటున్నాను. అక్కని ఒక్క నాలుగు రోజులు తీసుకెళ్ళరా, నేను నిద్రపోవాలి అని అడిగితే నెలకి మూడు వాయిదాలు వేసినవాళ్ళని ఇంకేమంటారు? "ఆదివారం చుట్టాలొస్తారట", "చుట్టాలకి వీలుకాలేదట" అని అక్క ముందే అనేదాన్ని. అక్కకి నచ్చేది కాదు. "ఆ మాట నాది, దాన్ని నువ్వు వాడకు" అంది ఒకసారి. మాటకి కూడా హక్కులున్నాయా అని ఎగతాళి చేశాను.

అన్నయ్య కుర్చీ తుడవకుండానే కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. బుధవారం కనపడకపోతే నాకు శుక్రవారం దాకా ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం పొడిచేవాడివి?"

"వచ్చేవాణ్ణి కదే."

"ఆ బుధవారం వస్తానన్నావు. అక్కని తీసుకెళ్తానన్నావు. వచ్చావా?"

"మీ వదినకి జ్వరం. చెప్దామనుకున్నాను."

"అనుకున్నావు."

 వాడికి తల పూర్తిగా నెరిసింది. చిన్నప్పుడు నన్ను మోసుకుని తిరిగినవాడు. జాలి పడబోయి ఆపుకున్నాను.

వెళ్తూ వెళ్తూ అడిగాడు. "అన్నిచోట్లా పోస్టర్లు చూశాను. బస్టాండులో ఒక్కటీ లేదేం?"

"అక్కడ చింపేస్తారు."

"ఇంకెక్కడా చింపరా?"

ఆ బస్సు తప్పిపోతుంది, వెళ్ళు అన్నాను.

మార్చి 12, గురువారం

ఇస్త్రీ బాబాయ్, "ఆ రోజు మూడింటికి ఫోన్..." అని ఏదో మొదలుపెట్టాడు. నీ ప్యాంట్లు నువ్వు చూసుకో అన్నాను.

మార్చి 14, శనివారం

ఆ తర్వాత నాకేం తెలీదు. ఎవరడిగినా ఇదే చెప్పాను. ఇవాళ రైటరు మళ్ళీ ఫోన్ చేసి అడిగాడు, మళ్ళీ ఇదే చెప్పాను. అక్షరం తేడా లేదు. ఎన్నిసార్లు చెప్పినా తేడా రాని మాట నిజమే అయ్యుండాలి.

మార్చి 17, మంగళవారం

వేరే ఊరి ఆసుపత్రి నుంచి కబురు. పేరు చెప్పని ఒకావిడ ఉందట. వయసు నలభై పైనట. చేతి మీద మచ్చ ఉందట. రేపు పొద్దున అన్నయ్య బస్టాండుకి వచ్చేస్తానన్నాడు. స్టేషన్ జీపులో వెళ్దామన్నాను. జీపు ఇవ్వరు, బస్సులోనే వెళ్ళాలి అన్నాడు.

మార్చి 18, బుధవారం

ఆవిడ అక్క కాదు.

మచ్చ కుడిచేతి మీద ఉంది. మంచం పక్కన నిలబడితే నా చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. నర్సు వచ్చి ఒక్కో వేలూ విడదీసింది. మా అక్క చెయ్యి కూడా ఎక్కడో ఎవరో ఇలాగే విడదీస్తున్నారేమో. ఆ ఆలోచన వచ్చాక అక్కడ నిలబడలేకపోయాను.

తిరిగొచ్చి మా బస్టాండులో దిగాం. మైకులో బస్సుల నంబర్లు చదువుతున్నారు. అదే గొంతు, ముక్కుతో సాగదీసే గొంతు.  అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. పొద్దున కూడా ఈ మైకే ఉండి ఉంటుంది, చెవులు మూసుకుని ఎక్కానేమో, తెలియలేదు. అన్నయ్య నీళ్ళు తెచ్చాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కదా, అందుకే అన్నాడు. అవునన్నాను.

మార్చి 19, గురువారం

రాస్తాను. ఇందులో కూడా రాయకపోతే ఈ డైరీ ఎందుకు, సబ్బుపొడి కంపెనీకే తిరిగి ఇచ్చెయ్యొచ్చు.

ఆ బుధవారం మధ్యాహ్నం మూడింటికి లాండ్రీ గోడ ఫోన్ మోగింది. పనివేళల్లో మా సెల్‌ఫోన్లు కౌంటరు సొరుగులో ఉంటాయి. అది మా ఓనరు ముసలాయన పెట్టిన రూలు. అక్క దగ్గర సెల్‌ఫోన్ లేదు, ఉంటే భయపడుతుంది. కానీ ఈ గోడ ఫోన్ నంబరు తనకి కంఠతా వచ్చు. నేనే ఎత్తాను. ఎడమ చేతిలో ఎవరిదో తెల్లకోటు, దాని మీద మందు వేసిన మరక. మందు ఆరేలోపు తుడవాలి.

"మిరపకాయా, చుట్టాలొచ్చారే" అంది అక్క.

"వచ్చారా?" అన్నాను.

ఏ చుట్టాలు అని అడగలేదు. అన్నయ్య మధ్యాహ్నం బస్సుకి వస్తానన్నాడు కదా. ఇన్నాళ్ళకి తీరిందా మహానుభావుడికి అనుకున్నాను.

"బస్టాండుకి వచ్చేశామే. నన్నూ రమ్మంటున్నారు. వెళ్ళనా?"

వెనక మైకులో బస్సుల నంబర్లు. నిజంగానే బస్టాండు. ఇంకేం కావాలి?

"వెళ్ళక్కా. దానికి నన్నడగాలా? నాలుగు రోజులుండి రా. నాకూ కాస్త ఊపిరాడుతుంది."

 అక్క మెల్లగా అంది.

"నువ్వు అడగవా?"

"ఏమడగాలి? పనిలో ఉన్నాను" అని పెట్టేశాను.

మరక పోయింది. కోటు తెల్లగా వచ్చింది. ముసలాయన మెచ్చుకున్నాడు.

ఇంటికెళ్తే తాళం వేసి ఉంది. హమ్మయ్య అనుకున్నాను. రొట్టె కాల్చుకుని టీవీ ముందు కూర్చుని తిన్నాను. మంచం మీద అడ్డంగా పడుకున్నాను. గురువారం కూడా అంతే. ఆ రెండ్రోజులూ నేను హాయిగా ఉన్నాను. ఇంత హాయిగా ఉండి ఎన్నేళ్ళయిందో అని లెక్కపెట్టుకున్నాను కూడా. వెతికారు అని రైటరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నది ఈ రెండు రోజుల్నే.

శుక్రవారం పొద్దున చక్కెర కోసం అలమర తీస్తే మాత్రల డబ్బా అక్కడే ఉంది. మాత్రలు లేకుండా తీసుకెళ్ళాడు, బుద్ధిలేనివాడు అని ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే వాడే అన్నాడు. "బుధవారం రాలేకపోయానే. అక్క ఎదురుచూసిందా?"

డబ్బా నా చేతిలోనే ఉంది.

అక్క మాటని అక్క దగ్గర్నుంచి లాక్కుని అన్నయ్య మీద విసిరాను. తీరా తను అదే మాటతో పిలిస్తే నాకు అన్నయ్యే వినిపించాడు. ఇంకో చెల్లెలికైతే ఈ పొరపాటు రాదు. మాట మామూలుగా వినేది, ఎవరొచ్చారే అని మామూలుగా అడిగేది. అదొక్కటి అడిగినా చాలు.

పోస్టరు మీద ఆ రెండు ముక్కలు కొట్టేసినంత తేలిగ్గా ఇది కొట్టేయడం కుదరలేదు. మార్కరు మూత తీసి చూశాను.

మార్చి 20, శుక్రవారం

స్టేషన్‌కి వెళ్ళి అంతా చెప్పాను. చుట్టాలంటే ఏమిటో దగ్గర్నుంచి. రైటరు మధ్యలో కలం కింద పెట్టేశాడు.

"ఇది మొదటిరోజే చెప్పుంటే..."

"తెలుసు. ముందు రాయండి, తర్వాత తిట్టండి."

రాశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. బస్టాండు కెమెరాల్లో బొమ్మలు మూడు వారాలే ఉంటాయట, ఆపైన కొత్తవి వచ్చి పాతవి పోతాయట. నేను మార్చి 2న వచ్చి కూర్చున్నప్పుడు ఇంకా ఉన్నాయి. టీ తాగుతోంది అని నేను చెప్తున్నప్పుడు అక్క ఆ బొమ్మల్లో ఏదో ఒక బస్సు ఎక్కుతూనే ఉంది. వీళ్ళు కాలువలో వెతికారు. వాళ్ళని కాలువకి పంపింది నేనే.

సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. 

"నేను రానని ఒక్క ముక్క చెప్పుంటే నువ్వు ఏ చుట్టాలని అడిగేదానివి" అన్నాడు వాడు.

"నీ వాటా నువ్వు ఉంచుకో. నాది నాకే ఎక్కువగా ఉంది."

వాడు ఏడ్చాడు. నాకు మాత్రం కోపమే వస్తోంది. నా మీద నాకు. ఏడిస్తే అది తగ్గిపోతుందని ఏడవడం లేదు.

మార్చి 24, మంగళవారం

రైటరు ఫోన్ కంపెనీని అడిగి నంబరు పట్టుకున్నాడు. సెలవురోజు కూడా తిరిగాడట. నంబరు బస్టాండులో టీకొట్టు ఆయనది. ఇద్దరం వెళ్ళాం.

ఆయనకి అక్క గుర్తుంది. ఫోన్ ఇమ్మని మర్యాదగా అడిగిందట. మాట్లాడాక ఫోన్‌ని చేతిరుమాలుతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చిందట. అది మా అక్కే. లాండ్రీలో ఏది ఇచ్చినా అలాగే ఇచ్చేది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా. ఒక్కతే."

"ఏమైనా అందా?"

ఆయన రైటరు వైపు చూశాడు. రైటరు నా వైపు చూశాడు. చెప్పమన్నాను.

"మా చెల్లి సరేనంది, అందమ్మా."

ఏ బస్సు ఎక్కిందో చూడలేదట. బూడిదరంగు కోటు వేసుకుందట, మోచేతి దగ్గర అతుకు ఉందట. ఆ అతుకు వేసింది నేనే. ఎవరో తీసుకెళ్ళకుండా వదిలేసిన కోటుకి వేసి అక్కకిచ్చాను. అక్క ఏం వేసుకుందో టీకొట్టు ఆయన చెప్తే తెలుసుకున్నాను.

బస్టాండు స్తంభాలకి పదహారు పోస్టర్లు అంటించాను. బూడిదరంగు కోటు అని చేత్తో రాశాను. కింద లాండ్రీ నంబరు. టీకొట్టు ఆయన తన గాజుపెట్టె మీద కూడా ఒకటి అంటించుకున్నాడు, నేను అడగలేదు.

మార్చి 30, సోమవారం

రైటరు ఒక కాగితం ముందు పెట్టాడు. పైవాళ్ళు పంపారట. "సదరు మహిళ ఇష్టపూర్వకంగా, చెల్లెలి అనుమతితో ఇల్లు విడిచి వెళ్ళినందున" అని మొదలైంది. కింద నేను సంతకం పెడితే ఫైలు మూసేస్తారు. అన్నయ్య తన పేరు దగ్గర అప్పటికే కలం పట్టుకున్నాడు. అలసిపోయాడు పాపం.

"నాకు ఒక సంగతి చెప్పండి" అన్నాను. "పోస్టరు మీద మతి లేదని వేసింది మీరే. ఈ కాగితం మీద ఇష్టం ఉందని రాసిందీ మీరే. వెతకాల్సి వచ్చినప్పుడు మతి లేదు. మానెయ్యాల్సి వచ్చేసరికి ఇష్టం వచ్చేసిందా?"

"మీరే కదమ్మా వెళ్ళమన్నది."

అన్నయ్య కలం కింద పెట్టాడు. ఆ మాట వాడికే ఎక్కువ తగిలింది.

"అవును, నేనే. అదే రాయండి. అక్క ఒక్కతే వెళ్ళలేదు, వెళ్ళే ముందు ఫోన్ చేసి అడిగింది. ఎవరు పిలుస్తున్నారో చెల్లెలు అడగాలని చూసింది. చెల్లెలు తప్పు విని సరేనంది. ఇది ఇష్టపూర్వకం కాదు, పొరపాటు. పొరపాటు చెల్లెలిది. అలా రాయండి, పది సంతకాలు పెడతాను."

"అలా రాస్తే ఫైలు మూయడం కుదరదమ్మా. నా బల్ల మీదే ఉండిపోతుంది."

"ఉండనివ్వండి. మీ బల్లకేం, ఇనుపది."

 ఆయన ఆ కాగితం మడిచి సొరుగులో పడేసి, తెల్లకాగితం తీసి, "నెమ్మదిగా చెప్పండి" అన్నాడు. నేను చెప్పినట్టే రాశాడు. చుట్టాలు అన్న మాట దగ్గర ఆగి, దీన్ని ఎలా రాయాలి అని అడిగాడు. చుట్టాలు అనే రాయమన్నాను. అది మా అక్క మాట, ఆవిడ ఎలా అంటే అలాగే ఉండాలి అన్నాను. నేను సంతకం పెట్టాను, అన్నయ్యా పెట్టాడు.

ఆయన చొక్కాకి ఆ సిరా మరక ఇంకా అలాగే ఉంది. రేపు పంపించండి, కొత్త మందొచ్చింది అన్నాను.

ఏప్రిల్ 8, బుధవారం

ముసలాయన గోడ ఫోన్ తీసేయిస్తానంటున్నాడు. అందరికీ సెల్‌ఫోన్లున్నాయి, ఇదెందుకు దండగ అంటాడు.

"అది తీస్తే నన్నూ తీసెయ్యండి" అన్నాను.

"నన్నూ" అన్నాడు ఇస్త్రీ బాబాయ్, తలెత్తకుండా. ప్యాంటు మడత చూసుకుంటూనే.

ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ పోరు నేను పడలేను, చచ్చేదాకా ఉంచుకోండి దాన్ని" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత బాబాయ్‌ని అడిగాను. "ఆ రోజు ఫోన్ అని మొదలుపెట్టావు. ఏం చెప్పబోయావు?"

"నువ్వు పెట్టేశాక మళ్ళీ మోగిందమ్మా. నేనెత్తాను. మీ అక్కే. చెల్లి ఉందా అంది. మరక తుడుస్తోంది, పిలవనా అన్నాను. వద్దులే, మరక ఆరిపోతుంది అంది."

నాలుగు వారాల కిందట ఈయన చెప్పబోతే ప్యాంట్లు చూసుకోమన్నాను.

ఏప్రిల్ 15, బుధవారం

ఎనిమిది వారాలు. కబురు లేదు. రైటరు వేరే ఊళ్ళ స్టేషన్లకి ఫోటో పంపాడు, మోచేతి అతుకుతో సహా రాసి. అన్నయ్య ప్రతి ఆదివారం వచ్చి ఒక్కో బస్సు రూటులో చివరిదాకా వెళ్ళొస్తున్నాడు. వాణ్ణి చుట్టాలు అనడం మానేశాను. ఆ మాట అక్కది.

గోడ ఫోన్ ఎత్తి హలో అనడం కూడా మానేశాను. మోగగానే చేతిలో ఉన్నది కింద పడేస్తున్నాను, మందు ఆరినా సరే, మరక ఉండిపోయినా సరే. ఎత్తి, "ఏ చుట్టాలు?" అంటున్నాను.

నిన్న ఒకావిడ కంగారుపడిపోయి, "మా అత్తగారి వైపు వాళ్ళండీ, నలుగురు, మీకెలా తెలిసింది? అందుకే దుప్పట్లు త్వరగా కావాలి" అంది. దుప్పట్లు సాయంత్రానికే ఇచ్చాం. ఇస్త్రీ బాబాయ్ నవ్వలేక చచ్చాడు. నేను కూడా నవ్వాను, ఎనిమిది వారాల్లో మొదటిసారి. నవ్వితే సగం మంది వెళ్ళిపోతారని అక్క అనేది. అక్క రావడానికి కూడా ఏదైనా ఉపాయం చెప్పి ఉండాల్సింది.

అందరూ ఆవిడలా ఉండరు. ఇవాళ కోటు ఉతకడానికిచ్చిన పెద్దమనిషి ఒకాయన నేరుగా వచ్చి ముసలాయనకి ఫిర్యాదు చేశాడు. నేను పక్కనే ఉన్నానని చూసుకోలేదు. "మీ ఫోన్ దగ్గర ఎవరో మతిలేని ఆడమనిషి ఉందండీ. ఎత్తగానే ఏ చుట్టాలు అంటుంది" అన్నాడు.

ముసలాయన నా వైపు భయంభయంగా చూశాడు. నేను ఆ పెద్దమనిషి కోటు మడిచి, రెండు చేతులతో ఇచ్చాను.

"నేనేనండీ అది" అన్నాను. "కావాలంటే పోస్టరు వేయించండి. కింద మాత్రం ఈ నంబరే వెయ్యమనండి."